రాయపూర్ సున్నపురాయి వయసెంత? డాక్టర్ కింగ్ వదిలి వెళ్లిన లెక్క

సింగరేణి చరిత్ర ఎవరు రాసినా మొదటి పేజీలో ఒక పేరు కనిపిస్తుంది. 1871లో యెల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించిన డాక్టర్ విలియం కింగ్ పేరు అది. తెలంగాణలో చాలామందికి ఆయన గురించి తెలిసింది అంతవరకే. కడప, కర్నూలు జిల్లాల రాళ్లకు నేటికీ వాడే పేర్లు పెట్టింది ఆయనే. గోదావరి లోయను పొరపొరగా పరిశీలించి మ్యాపు గీసిందీ ఆయనే. ఆ తర్వాత రాయపూర్ కేంద్రంగా ఉన్న ఛత్తీస్‌గఢ్ డివిజన్‌కు వెళ్లి అక్కడి రాళ్ల మీద 1885లో నివేదిక అచ్చు వేయించిందీ ఆయనే.

కడప నుంచి రాయపూర్ దాకా ఆయన వెంట వచ్చిన ప్రశ్న ఒకటుంది. ఈ రాయి ఎప్పటిది? భూగర్భ శాస్త్రంలో ఆ రోజుల్లో దీనికి ఒకటే నమ్మకమైన సాధనం ఉండేది. అది శిలాజం. రాతిలో ముద్రపడిన గవ్వ, ఆకు, చేప ముల్లు. కింగ్‌కు ఎదురైన రాళ్లలో సగానికి పైగా శిలాజాలు లేనివే. ఉన్నచోట కూడా అవి ఒకదానితో ఒకటి పొసగలేదు. ఆ చిక్కులో ఆయన ఏం చేశారు, ఏం చేయలేదు అన్నది నేటికీ పనికొచ్చే కథ. ఎందుకంటే రాయపూర్ రాళ్ల వయసు విషయంలో ఆయన తర్వాతి వాళ్లు వేసిన అంచనా ఏకంగా 50 కోట్ల ఏళ్లు తప్పిందని 2007లో బయటపడింది.

శిలాజాల ఇంట్లో పుట్టినవాడు

రాళ్లలో కాలాన్ని లెక్కపెట్టే పద్ధతి ఇంగ్లండ్‌లో కాలువలు తవ్వించిన విలియం స్మిత్ అనే సర్వేయర్‌తో మొదలైంది. ఒక్కో పొరలో ఒక్కో రకం శిలాజాలు ఉంటాయని, వాటి వరుస ఎక్కడ తవ్వినా మారదని ఆయన గమనించారు. ఆ ఆధారంతోనే 1815లో ఇంగ్లండ్ భూగర్భ పటం ప్రచురించారు. కింది పొర పాతది, పై పొర కొత్తది అన్నది ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఒక ఊళ్లో ఉన్న పొరా, వంద మైళ్ల అవతలి ఊళ్లో ఉన్న పొరా ఒకే కాలానివా కావా అని చెప్పాలంటే రంగు, గట్టిదనం చాలవు. ఒకే రకం జీవులు రెండు చోట్లా కనిపించాలి. జీవులు మారుతూ పోతాయి, పోయినవి తిరిగి రావు. అందుకే శిలాజాలు కాలానికి గుర్తులయ్యాయి.

మన కింగ్ తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండ్‌లోని గాల్వే క్వీన్స్ కాలేజీలో ప్రొఫెసర్. ఇంగ్లండ్‌లోని పెర్మియన్ యుగపు శిలాజాల మీద 1850లో ఆయన పెద్ద గ్రంథం ప్రచురించారు. జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన ఎముకలు మనలాంటి మనిషివి కావని, అది వేరే జాతి అని 1863లో ప్రతిపాదించి, హోమో నియాండర్తలెన్సిస్ అనే పేరు పెట్టిందీ ఆయనే. ఆ పేరు 1864లో అచ్చయింది.

ఆ తండ్రి చేసిన ఇంకో పని కొడుకు జీవితాన్ని అర్థం చేసుకోడానికి పనికొస్తుంది. కెనడాలో అతి పురాతన రాళ్లలో ఒక జీవి శిలాజం దొరికిందని 1860ల మధ్యలో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఎయోజోన్ అని పేరు పెట్టారు. భూమ్మీద తొలి జీవి ఇదేనని సంబరపడ్డారు. గాల్వే ప్రొఫెసర్, ఆయన సహచరుడు రౌనీ కలిసి అది జీవి కాదని, ఖనిజాలు పొరలుగా పేరుకున్న ఆకారం మాత్రమేనని 1866లో వాదించారు. ఏళ్ల తరబడి పెద్ద పెద్దవాళ్లతో గొడవపడ్డారు. చివరికి వాళ్లదే నిజమని తేలింది. రాతిలో కనిపించిన ప్రతి ఆకారాన్నీ జీవి అనుకోవద్దనే జాగ్రత్త ఆ ఇంట్లో ఉండేది.

కొడుకు 1857లో భారత భూగర్భ సర్వే సంస్థలో, అంటే నేటి జీఎస్‌ఐలో చేరారు. సంస్థ మొదలై అప్పటికి ఆరేళ్లే. ఆయనకు మద్రాసు ప్రెసిడెన్సీ అప్పగించారు. అక్కడ సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్. మద్రాసు పక్కన పల్లవరంలో 1863 మేలో ఫుట్‌కు తొలి రాతి గొడ్డలి దొరికింది. ఆ సెప్టెంబరులో ఫుట్, కింగ్ కలిసి ఆత్తిరంపాక్కం అనే ఊరి దగ్గర మరిన్ని రాతి పనిముట్లు కనుగొన్నారు. భారతదేశంలో ఆదిమానవుడి చరిత్ర అధ్యయనం మొదలైంది ఇక్కడే. తండ్రి ఐరోపాలో పాత మనిషికి పేరు పెడుతున్న ఏడాదే, కొడుకు దక్షిణ భారతంలో పాత మనిషి చేతి పనిని ఏరుతున్నాడు.

కడప, కర్నూలు: గవ్వ దొరకని రాళ్లు

కింగ్ అసలు పరీక్ష కడపలో మొదలైంది. నల్లమల కొండలు, పాపాఘ్ని లోయ, కుందూ నది మైదానం అన్నీ కలిపి వేల చదరపు మైళ్ల ప్రాంతం. చక్కగా పేర్చినట్టున్న పొరలు. కింద ఇసుకరాయి, పైన సున్నపురాయి, షేల్, మళ్లీ క్వార్ట్జైట్. ఐరోపాలో అయితే ఇలాంటి పొరల్లో గవ్వలు కుప్పలుగా దొరుకుతాయి. ఇక్కడ ఎంత వెతికినా ఒక్కటీ లేదు.

శిలాజం లేనప్పుడు రెండు దారులు. ఫలానా దేశపు రాయిలా ఉంది కాబట్టి ఇది ఫలానా యుగానిది అని అంచనా వేయడం ఒకటి. కనిపిస్తున్న వరుసను మాత్రమే రాసి, వయసు సంగతి పక్కన పెట్టడం రెండోది. కింగ్ గట్టిగా పట్టుకున్నది రెండో దారిని. ఆయన 1872లో ప్రచురించిన కడప, కర్నూలు శిలల గ్రంథంలో అసలు బలం ఆ వరుసే.

ఆయన గుర్తించిన ముఖ్య విషయం ఇది. కడప పొరలు ఒకప్పుడు పేరుకున్నాయి, తర్వాత వంగాయి, వాన నీటికీ గాలికీ అరిగాయి. ఆ అరిగిన నేల మీద మళ్లీ కొత్త పొరలు పడ్డాయి. అవి కర్నూలు పొరలు. మధ్యలో ఎంతకాలం ఖాళీగా గడిచిందో తెలియదు గానీ, గడిచిందని మాత్రం రాతిలో కోత గుర్తు చెబుతోంది. అందుకని రెంటినీ విడదీశారు. కడప పొరలను పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని నాలుగు భాగాలు చేశారు. కర్నూలు పొరలను బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అని నాలుగు చేశారు. మన ఊళ్ల పేర్లు, ఏళ్ల పేర్లు అలా భూమి చరిత్రలో అధ్యాయాల పేర్లయ్యాయి. జీఎస్‌ఐ మ్యాపుల్లో అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఈ వరుస పుస్తకాల కోసం మాత్రమే కాదు. బనగానపల్లె దగ్గర తరతరాలుగా వజ్రాలు తవ్వేవాళ్లు. ఆ వజ్రాలు దొరికేది కర్నూలు పొరల అడుగున ఉండే గులకరాళ్ల పొరలో. ఏ పొర మీద ఏ పొర ఉంటుందో తెలిస్తే ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వితే దండగో తెలుస్తుంది. బేతంచెర్ల నాపరాళ్ల నుంచి మంగంపేట బెరైటీస్ దాకా తర్వాత కాలంలో రాయలసీమలో జరిగిన ఖనిజాల వెతుకులాట అంతా ఈ వరుస మీదే నడిచింది.

యెల్లందు: బొగ్గుకు దారి చూపిన పొరలు

గోదావరి లోయకు వచ్చేసరికి కథ మారింది. ఇక్కడ శిలాజాలు ఉన్నాయి. బెంగాల్‌లో రాణీగంజ్ బొగ్గు గనుల దగ్గర జీఎస్‌ఐ అప్పటికే ఒక వరుస తయారు చేసింది. అడుగున తాల్చేర్ పొరలు. వాటి మీద బరాకర్ అనే బొగ్గు పొరలు. బొగ్గు పొరల్లో గ్లోసోప్టెరిస్ అనే మొక్క ఆకుల ముద్రలు. నాలుక ఆకారంలో, మధ్యలో ఈనెతో ఉండే ఆకు అది. ఈ వరుస, ఈ ఆకులు ఎక్కడ కనిపించినా అక్కడ బొగ్గుకు అవకాశం ఉన్నట్టే.

నిజాం రాజ్యంలో బొగ్గు ఉందా అన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. రైలు వస్తోంది, ఇంజన్లకు బొగ్గు కావాలి. భద్రాచలం వెళ్లే యాత్రికులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్లు అంటుకున్నాయని కోల్‌బెల్ట్‌లో ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, స్థానికులకు తెలిసిన రాయిని పొరల లెక్కలో పెట్టి, ఇది ఫలానా వరుసకు చెందిన బొగ్గు అని నిర్ధారించింది కింగ్. ఆయన నివేదిక 1872లో అచ్చయింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. రికార్డుల్లో మిగిలింది దొర పేరు ఒక్కటే. ఆయనకు దారి చూపిన వాళ్ల పేర్లు, గుడారాలు మోసిన వాళ్ల పేర్లు అందులో లేవు. ఆ రోజుల్లో సర్వే జరిగిన తీరే అది.

కింగ్ ఇక్కడ ఆగలేదు. రాజమండ్రి, ఏలూరు వైపు తీర ప్రాంతపు రాళ్ల మీద 1880లో, ప్రాణహిత గోదావరి లోయ మీద 1881లో రెండు పెద్ద నివేదికలు వెలువరించారు. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి అనే పేర్లు ఆయన పనిలోంచి వచ్చినవే. ఇందులో తిరుపతి అంటే ఏడుకొండల తిరుపతి కాదు. ద్వారకా తిరుమల, మనం చిన్న తిరుపతి అని పిలుచుకునే ఊరు.

శిలాజాలే తగవుపడితే

శిలాజాలు దొరికితే చాలు, వయసు తేలిపోతుందన్న నమ్మకానికి గోదావరి లోయ గండి కొట్టింది. తీరప్రాంతంలోని ఈ పొరల్లో భూమ్మీద పెరిగే మొక్కల ముద్రలు, సముద్రంలో బతికే అమ్మొనైట్ల చుట్టగవ్వలు కలిసి దొరుకుతాయి. మొక్కలను చూసి ఇవి జురాసిక్ కాలానివని అప్పటి నిపుణులు అన్నారు. తర్వాత 20వ శతాబ్దంలో అమ్మొనైట్లను మళ్లీ పరిశీలించి, కాదు, ఇవి ఇంకా కొత్తవి, తొలి క్రిటేషియస్ కాలానివి అని తేల్చారు. ఒకే పొరలోని రెండు సాక్ష్యాలు రెండు మాటలు చెప్పాయి.

ఆదిలాబాద్ వైపు కోట, మలేరి పొరల్లోనూ ఇంతే. కోట సున్నపురాయిలోని చేపలు ఐరోపా జురాసిక్ చేపల్లాంటివి. మలేరి మట్టిరాళ్లలోని సరీసృపాలు ట్రయాసిక్‌వి. బొగ్గు పొరల ఆకుల మీద ఇంకా పెద్ద వివాదం. జీఎస్‌ఐలో మొక్కల శిలాజాలు చూసే ఫైస్ట్‌మాంటెల్ వాటిని ట్రయాసిక్ అన్నారు. ఆస్ట్రేలియాలో అలాంటి ఆకులే పాత సముద్రపు గవ్వలతో కలిసి కనిపించాయి. అంటే అవి ఇంకా పాతవి కావాలి.

ఒకే రకం శిలాజాలు ఉన్నంత మాత్రాన రెండు పొరలూ ఒకే సమయంలో ఏర్పడ్డాయని చెప్పలేమని, వరుస కలిసిందని మాత్రమే చెప్పగలమని 1862లోనే లండన్‌లో హక్స్‌లీ హెచ్చరించారు. జీవులు ఒకచోట పుట్టి ఇంకో చోటికి చేరడానికి కాలం పడుతుంది. ఒక ఖండంలో అంతరించినవి మరో ఖండంలో బతికే ఉండొచ్చు. జీఎస్‌ఐ మాజీ అధికారి విలియం బ్లాన్‌ఫర్డ్ 1884లో మాంట్రియల్ సభలో ఈ చిక్కునే వివరించారు. ఆయన ఎత్తిచూపిన ఉదాహరణల్లో మన గోదావరి లోయ కూడా ఉంది. మొక్కల కన్నా సముద్ర జీవుల సాక్ష్యమే నమ్మదగ్గదని ఆయన వాదన.

ఆ వాదన నిలబడింది. దానికి గట్టి సాక్ష్యాల్లో ఒకటి ఛత్తీస్‌గఢ్‌లోనే దొరకడం విశేషం. రాష్ట్రం ఉత్తర భాగంలో, మనేంద్రగఢ్ దగ్గర హస్‌దేవ్ నది ఒడ్డున, బొగ్గు పొరలకు కింద ఉండే తాల్చేర్ రాళ్లలో 1954లో ఎస్.కె. ఘోష్ సముద్రపు గవ్వల శిలాజాలు కనుగొన్నారు. ఆస్ట్రేలియాలో దొరికే యూరిడెస్మా జాతి ఆల్చిప్పలు వాటిలో ఉన్నాయి. అవి పెర్మియన్ యుగపు ఆరంభానివి. అంటే వాటి పైన ఉన్న మన బొగ్గు కూడా పెర్మియన్ కాలానిదే. 25 నుంచి 30 కోట్ల ఏళ్ల మధ్యది. గాల్వే తండ్రి జీవితాంతం చదివిన యుగం అది. కొడుకు యెల్లందులో ముట్టుకున్న బొగ్గు కూడా ఆ యుగానిదే.

రాయపూర్: మళ్లీ గవ్వలు లేని నేల

1880లలో కింగ్ ఛత్తీస్‌గఢ్‌కు వచ్చారు. అప్పుడది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఒక డివిజన్, రాయపూర్ దాని కేంద్రం. నాగపూర్ నుంచి రైలు మార్గం తూర్పుకు సాగుతోంది. కలకత్తా దాకా వెళ్లాలంటే దారిలో బొగ్గు కావాలి. సింగరేణి కనుగొన్న మనిషి మీద సహజంగానే ఆశ పెట్టుకున్నారు. ఛత్తీస్‌గఢ్ బొగ్గు ప్రాంతాల్లో బోరింగులు వేయించి, ఆ ఫలితాలను 1886, 1887లో ఆయన వరుసగా ప్రచురించారు.

బొగ్గు ఉన్నది మైదానం అంచున. మధ్యలో రాయపూర్ చుట్టూ, మహానది, శివనాథ్ నదుల నడుమ ఉన్నది వేరే రాయి. సుమారు 33 వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న పాత సముద్రపు అడుగు అది. కింద చంద్రపూర్ పేరు పెట్టుకున్న ఇసుకరాళ్లు, పైన రాయపూర్ పేరుతో పిలిచే సున్నపురాళ్లు, షేల్‌లు. ఊళ్లలో ఇళ్లకూ అరుగులకూ పరిచే ఫర్షీ రాళ్లు ఈ నేలవే. కర్నూలు నాపరాయి తెలిసిన వాళ్లకు ఇది చుట్టంలా కనిపిస్తుంది. కింగ్ కళ్లకు ఇది కడప, కర్నూలు చూసిన అనుభవానికి కొనసాగింపే. మళ్లీ అదే సమస్య. పొరలు చక్కగా ఉన్నాయి, గవ్వ మాత్రం లేదు.

1887లో ఆయన జీఎస్‌ఐ డైరెక్టర్ అయ్యారు. ఆ ఏడాదే రాయపూర్ జిల్లా పశ్చిమ భాగంలోని ఇనుము గురించి ప్రమథనాథ్ బోస్ రాసిన నివేదికను సంస్థ ప్రచురించింది. దల్లీ రాజహరా కొండల ఇనుప ఖనిజం గురించి తొలిసారి శాస్త్రీయంగా చెప్పింది బోసే. తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం నిలబడింది ఆ కొండల మీదే. తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో భిలాయి, రాయపూర్‌లలో స్థిరపడటానికి ఒక కారణం ఆ ఫ్యాక్టరీ. బోస్‌ను మాత్రం సంస్థ డైరెక్టర్‌ను చేయలేదు. తనకన్నా జూనియర్ అయిన హాలండ్‌కు ఆ పదవి ఇచ్చినందుకు ఆయన 1903లో రాజీనామా చేశారు. కింగ్ కాలపు సంస్థలో శాస్త్రం ఎంత ఉందో, వలస పాలన వివక్షా అంతే ఉంది. ఒకటి చెప్పి రెండోది దాచడం సరికాదు.

కింగ్ 1894లో రిటైరయ్యారు. యురేనియం కిరణాలు వెలువరిస్తుందని పారిస్‌లో బెకెరెల్ గుర్తించింది 1896లో. శిలాజం లేని రాయి వయసు చెప్పగల సాధనానికి పునాది పడింది అప్పుడు. రెండేళ్ల తేడాతో అది కింగ్ ఉద్యోగ జీవితానికి అందలేదు.

పోలిక చూసి వయసు వేస్తే

కింగ్ తర్వాత వచ్చిన వాళ్లకు ఖాళీని పూరించాలనే తొందర సహజం. కడప, కర్నూలు, ఛత్తీస్‌గఢ్, వింధ్య పొరలన్నిటినీ 1906లో హాలండ్ పురాణ శిలలు అనే ఒక గంపలో వేశారు. కర్నూలు సున్నపురాయీ, రాయపూర్ సున్నపురాయీ చూడటానికి ఒకేలా ఉన్నాయి, శిలాజాలు రెంటిలోనూ లేవు కాబట్టి రెండూ దాదాపు ఒకే కాలానివన్న అభిప్రాయం పాతుకుపోయింది.

1960ల నాటికి కొత్త ఆశ పుట్టింది. రాయపూర్ చుట్టుపక్కల సున్నపురాతిలో, ముఖ్యంగా చండీ పొరలో, క్యాబేజీని నిలువుగా కోసినట్టు, స్తంభాలు పేర్చినట్టు ఉండే ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. ఇవి ఒక జీవి శరీరం కాదు. లోతు తక్కువ నీళ్లలో సూక్ష్మజీవులు జిగురు పొరగా పరుచుకుని, సున్నపు రేణువులను పట్టుకుంటూ, పొర మీద పొర పేర్చుకుంటూ కట్టిన పుట్టలు. గవ్వలు లేని కాలానికి ఇవే శిలాజాలు. సోవియట్ శాస్త్రవేత్తలు వీటి ఆకారాలను బట్టి పురాతన కాలాన్ని భాగాలు చేసే పద్ధతి తయారు చేశారు. దాన్ని ఛత్తీస్‌గఢ్‌లోనూ వర్తింపజేశారు.

ఆ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పుట్ట ఆకారం కాలాన్ని బట్టే కాదు, నీటి లోతు, అలల జోరును బట్టి కూడా మారుతుంది. గవ్వ జాతి కొద్ది కాలం బతికి పోతుంది. పుట్ట కట్టే సూక్ష్మజీవులు కోట్లాది ఏళ్లు అదే పని చేస్తూ ఉంటాయి. కాబట్టి స్ట్రొమటోలైట్ దూరపు బంధుత్వం చెప్పగలదు గానీ పుట్టిన తేదీ చెప్పలేదు.

తేదీ చెప్పింది అగ్నిపర్వతపు బూడిద. ఆ పాత సముద్రంలో సున్నం పేరుకుంటున్నప్పుడు ఎక్కడో అగ్నిపర్వతాలు పేలి, బూడిద వచ్చి పడింది. అది పలుచని పొరగా గట్టిపడింది. అందులో జిర్కాన్ అనే సన్నని స్ఫటికాలు ఉంటాయి. స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి తీసుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. యురేనియం ఒక లెక్క ప్రకారం సీసంగా మారుతుంది. దానిలో ప్రధాన రకం సగానికి తగ్గడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఎంత సీసం చేరిందో కొలిస్తే స్ఫటికం పుట్టినప్పటి నుంచి ఎంతకాలం గడిచిందో తెలుస్తుంది.

ఛత్తీస్‌గఢ్ పొరల్లో పైభాగాన ఉన్న బూడిద పొరలోని జిర్కాన్‌ను పరీక్షించిన పరిశోధకుల బృందం 2007లో ఫలితం ప్రకటించింది. వయసు సుమారు 100 కోట్ల ఏళ్లు. పైపొరలు అంతకన్నా 50 కోట్ల ఏళ్లు కొత్తవని అప్పటిదాకా అనుకుంటూ వచ్చారు. తర్వాతి కొలతల్లో అడుగు పొరల బూడిద వయసు 140 కోట్ల ఏళ్లకు తక్కువ లేదని తేలింది. భూమ్మీద గవ్వలున్న జంతువులు బాగా విస్తరించింది సుమారు 54 కోట్ల ఏళ్ల కింద. రాయపూర్ రాతిలో గవ్వ ఎందుకు లేదో అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఈ సముద్రం నిండి ఎండిపోయేనాటికి గవ్వ కట్టే జీవి ఇంకా పుట్టలేదు.

కడపలోనూ ఇదే జరిగింది. పులివెందుల దగ్గర పొరల మధ్య చొచ్చుకుని గట్టిపడిన శిలాద్రవానికి సుమారు 189 కోట్ల ఏళ్ల వయసు వచ్చింది. ఆ ద్రవం దూరిన పొరలు అంతకన్నా పాతవై ఉండాలి. కడపా, రాయపూర్ ఒక గంపలో వేయాల్సినవి కావు.

తొందరపాటు పాత రోజులకే పరిమితం కాదు. 1998లో మధ్యప్రదేశ్ వింధ్య శిలల్లో 110 కోట్ల ఏళ్లనాటి పురుగులు పాకిన జాడలు దొరికాయని ఒక బృందం, 54 కోట్ల ఏళ్లనాటి చిన్న గవ్వలు దొరికాయని మరొకరు దాదాపు ఒకేసారి ప్రకటించారు. ప్రపంచం నివ్వెరపోయింది. నాలుగేళ్ల తర్వాత జిర్కాన్ లెక్క వచ్చింది. ఆ పొరల వయసు సుమారు 160 కోట్ల ఏళ్లు. గాల్వే తండ్రి ఎయోజోన్ మీద చేసిన హెచ్చరిక 130 ఏళ్ల తర్వాత కూడా అవసరమైంది.

వరుస నిలిచింది, వయసు మారింది

ఇంత జరిగాక కింగ్ పనిలో ఏం మిగిలింది? ఆయన గీసిన వరుసలో అధిక భాగం మిగిలింది. కడప మీద కర్నూలు అన్నాడు, ఇప్పటికీ అంతే. పేర్లు కొన్ని సవరించారు, గీతలు కొన్ని జరిపారు. కానీ జిర్కాన్ కొలిచే శాస్త్రవేత్త కూడా ముందు ఆయన తరం గీసిన మ్యాపు విప్పి, ఏ పొరలో బూడిద వెతకాలో చూసుకుంటాడు. తప్పింది పోలిక మీద వేసిన వయసే. వరుసకు ఆధారం కళ్లెదుట ఉంది. వయసుకు ఆధారం అప్పట్లో లేదు.

శిలాజాల పాత్ర కూడా తగ్గలేదు. రాజమండ్రి దగ్గరి క్వారీల్లో లావా పొరల మధ్య చిక్కుకున్న సముద్రపు మట్టిని 2008లో ఒక అంతర్జాతీయ బృందం పరిశీలించింది. కంటికి కనబడని ఫొరామినిఫెరా అనే సముద్ర జీవుల శిలాజాలు అందులో ఉన్నాయి. లావాకు కింద ఉన్నవి డైనోసార్ల చివరి కాలానివి. లావాల మధ్య ఉన్నవి డైనోసార్లు అంతరించాక వచ్చిన కొత్త యుగపు ఆరంభానివి. దక్కన్ లావాల భారీ ప్రవాహం ఆ అంతానికి ఎంత దగ్గరగా జరిగిందో ఆ చిన్న గవ్వలే చెప్పాయి. కింగ్ 1880 నివేదికలో వర్ణించిన ప్రాంతం అది.

ఇప్పుడు ముప్పు వేరే వైపు నుంచి ఉంది. దేశంలో సిమెంట్ ఎక్కువగా తయారయ్యే రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. బలౌదా బజార్, తిల్దా, హిర్మీ చుట్టుపక్కల క్వారీలు తవ్వుతున్నది ఈ సున్నపురాతినే. స్ట్రొమటోలైట్ స్తంభాలు దానిలో భాగం. రాజమండ్రి క్వారీలదీ అదే పరిస్థితి. క్వారీ తవ్వితేనే లోపలి పొర బయటపడుతుంది, నిజమే. కానీ బయటపడిన పొరను ఒక శాస్త్రవేత్త చూసేలోపే అది క్రషర్‌లోకి వెళ్లిపోతే ఆ సాక్ష్యం మళ్లీ రాదు. మనేంద్రగఢ్ గవ్వల చోటును మెరైన్ ఫాసిల్ పార్కుగా కాపాడుతున్నారు. రాయపూర్ చుట్టూ ఉన్న మంచి స్ట్రొమటోలైట్ ముఖాలను, బూడిద పొరలు తేలిన చోట్లను గుర్తించి, ఒక్కో క్వారీలో కొంత భాగమైనా తవ్వకుండా వదిలిపెట్టడం ప్రభుత్వానికీ కంపెనీలకూ పెద్ద భారమేమీ కాదు.

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలెక్కిన తెలుగువాళ్లు తూర్పు కనుమలు దాటి ఆ మైదానంలోకి దిగుతారు. పట్టాల పక్కన కనిపించే ఆ చదునైన బూడిదరంగు రాయి ఒకప్పటి సముద్రపు నేల. దానికి పేరుంది, వరుసలో చోటుంది, ఇప్పుడు వయసూ తెలిసింది. వయసు ఇంకా తేలని పొరలు ఆ మైదానంలోనూ కర్నూలులోనూ చాలా ఉన్నాయి. వాటిలో ఏ బూడిద పొర ఎక్కడుందో వెతికేవాళ్లు వెళ్లేసరికి రాయి అక్కడే ఉండాలి.